ఇంట్లో కట్టిన వాల్వు గిటార్ యాంప్లిఫయర్: గుయ్యిమనే మోత, కేక, ఎర్రబడుతున్న 6వి6

గోదారి_తీగలు
ఆరు నెలల సాయంత్రాలు వెచ్చించి గిటార్ కోసం ఒక చిన్న వాల్వు (పాత రేడియోల్లో ఉండే గాజు గొట్టాల) యాంప్లిఫయర్ కట్టాను. ఫెండర్ చాంప్ 5ఎఫ్1 సర్క్యూట్‌ను అనుసరించాను. అందులో సంకేతాన్ని పెంచే 12ఏఎక్స్7 వాల్వు ఒకటి, స్పీకరును నడిపే 6వి6 వాల్వు ఒకటి ఉన్నాయి. స్పీకరు 8 అంగుళాలది, 8 ఓములది. పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌ను, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌ను మా ఊళ్లోనే మోటార్లు చుట్టే దుకాణంలో చుట్టించాను. పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌కు 300-0-300 వోల్టులు, హీటర్లకు 6.3 వోల్టులు 2 ఆంపియర్లు మాత్రమే ఉన్నాయి. ఏసీని డీసీగా మార్చే 5వై3 వాల్వుకు కావలసిన 5 వోల్టుల వైండింగు లేదు కనుక దాని స్థానంలో రెండు 1ఎన్4007 డయోడ్లు పెట్టాను.

నా ఇబ్బందులు మూడు. వాల్యూమ్ సున్నా దగ్గర ఉన్నా గుయ్యిమనే మోత ఆగడం లేదు. వాల్యూమ్ 3 దాటగానే గిటార్ తీగ ముట్టుకోకుండానే భరించలేని కేక వస్తోంది. పది నిమిషాలకు 6వి6 లోపల ప్లేటు మధ్యలో ఎర్రని మచ్చ కనబడుతోంది. 6వి6 మూడో పిన్ను (ప్లేటు) దగ్గర 378, ఎనిమిదో పిన్ను (కాథోడ్) దగ్గర 25.4 వోల్టులు చూపిస్తోంది. కాథోడ్ రెసిస్టర్ 470 ఓములే. దేనితో మొదలుపెట్టాలో తెలియడం లేదు.

సీసం_పొగ
ముందుగా యాంప్లిఫయర్‌ను ఆపివేయండి. ప్లేటు ఎర్రబడుతున్న వాల్వును నడిపిస్తూ తక్కిన లోపాలు వెతకకూడదు, ఎందుకంటే వాల్వుతో పాటు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా పోతుంది. మీ లెక్క చూడండి: 25.4ను 470తో భాగిస్తే 54 మిల్లీఆంపియర్లు. స్క్రీనుకు, అంటే వాల్వులోని రెండో గ్రిడ్డుకు, పోయే నాలుగు తీసేస్తే ప్లేటుకు 50. ప్లేటుకు, కాథోడ్‌కు మధ్య 352 వోల్టులు. అంటే 17 వాట్లకు పైమాటే. 6వి6జీటీకి పాత పుస్తకాలు 12 వాట్లు, తరువాతివి 14 వాట్లు హద్దుగా చెప్పాయి.

మీ ప్లగ్గు మూడు పిన్నులదేనా, ఛాసిస్‌కు, అంటే లోహపు పెట్టెకు, ఎర్త్ కలిపారా అన్నది కూడా చెప్పండి.

కోటి_గల్లీ
డయోడ్ల వల్లే ఇదంతా. 5వై3 తనలోనే ముప్పై నలభై వోల్టులు మింగుతుంది, డయోడు ఒక్క వోల్టు కూడా మింగదు. 470 తీసి 680 పెట్టండి, ఎరుపు పోతుంది. నేను హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీలో కొన్న సామానుతో కట్టినప్పుడు అదే చేశాను.

పాత_వాల్వు
కోటి_గల్లీ గారి మాటలో సగం నిజం ఉంది కాని, 680 పెట్టే ముందు ఒక కొలత మిగిలి ఉంది. బాబూ, 6వి6 ఐదో పిన్ను, అంటే గ్రిడ్డు దగ్గర డీసీ ఎంత ఉంది? అక్కడ సున్నా ఉండాలి. తెనాలిలో ముప్పై ఎనిమిదేళ్లు రేడియోలు బాగుచేసిన అనుభవంతో చెబుతున్నాను. ఆరోగ్యంగా ఉన్న 6వి6, ఈ వోల్టేజీలో 470 ఓముల మీద 21కి అటూ ఇటూ చూపించాలి కాని 25 దాటకూడదు. ఏదో దాన్ని బలవంతంగా ఎక్కువ కరెంటు లాగేలా చేస్తోంది. వాల్వు మీద కోపగించవద్దు.

గోదారి_తీగలు
ఐదో పిన్ను దగ్గర 7 వోల్టులు ఉన్నాయి! డిజిటల్ మీటరుతో మూడుసార్లు చూశాను.

సీసం_పొగ గారూ, ప్లగ్గు మూడు పిన్నులదే. కాని ఎర్త్ తీగ తీసేస్తే మోత కొంచెం తగ్గుతోందని దాన్ని విప్పి ఉంచాను.

సీసం_పొగ
దయచేసి ఈ పూటే ఆ తీగ తిరిగి బిగించండి. గిటార్ తీగలు జాక్ ద్వారా నేరుగా ఛాసిస్‌కు కలిసి ఉంటాయి. ట్రాన్స్‌ఫార్మర్ ఇన్సులేషన్ ఒకచోట దెబ్బతిని ఛాసిస్‌కు ఫేజు తగిలితే, ఎర్త్ ఉన్నప్పుడు ఫ్యూజు పోతుంది. ఎర్త్ లేనప్పుడు ఆ కరెంటు మీ చేతివేళ్ల నుంచి, మీ పెదవికి తగిలే మైకు నుంచి పోతుంది. ఎడమచేయి తీగల మీద, నోరు మైకు దగ్గర ఉండగా ప్రాణాలు పోయిన వాయిద్యకారులు లోకంలో నిజంగా ఉన్నారు. మోతకు కారణం వేరొకచోట ఉంది, దాన్ని అక్కడే వెతుకుదాం.

గోడ సాకెట్టులో ఎర్త్ నిజంగా ఉందో లేదో కూడా చూడండి. ఫేజుకు ఎర్త్‌కు మధ్య 230 వోల్టులకు దగ్గరగా, న్యూట్రల్‌కు ఎర్త్‌కు మధ్య రెండు మూడు వోల్టుల లోపు రావాలి. ఈ కొలత ఉన్నంత మాత్రాన ఎర్త్ గట్టిదని రుజువు కాదు, కాని లేకపోతే మాత్రం ఎలక్ట్రీషియన్‌ను పిలవవలసిందే. మన ఊళ్లలో సాకెట్టుకు మూడో రంధ్రం ఉండి, వెనక తీగే లేని ఇళ్లు చాలా చూశాను.

పాత_వాల్వు
అమ్మాయి చెప్పినది అక్షరాలా పాటించు.

ఇక 7 వోల్టుల సంగతి. ముందు వాల్వు ప్లేటు నుంచి 6వి6 గ్రిడ్డుకు వచ్చే కండెన్సరు డీసీని ఆపాలి. అది ఆపడం లేదు. గ్రిడ్డు నుంచి నేలకు 220 కిలోఓములు ఉన్నాయి కదా, 7 వోల్టులంటే సుమారు 32 మైక్రోఆంపియర్లు కారుతున్నట్లు. అవతల 190 వోల్టులు ఉన్నాయనుకుంటే ఆ కండెన్సరు నీకు ఐదారు మెగాఓముల రెసిస్టరులా పనిచేస్తోంది. మంచి కండెన్సరు వేల మెగాఓములు ఉండాలి. ఎక్కడిది అది?

గోదారి_తీగలు
మా తాతగారి వాల్వు రేడియోలోంచి తీసిన కాగితపు కండెన్సర్, 0.02 మైక్రోఫ్యారడ్. పాతవాటితో ధ్వని మధురంగా ఉంటుందని చదివి పెట్టాను.

పాత_వాల్వు
కాగితం దశాబ్దాలపాటు తేమ పీల్చుకుంటుంది. రేడియోల మరమ్మతులో మేము మొట్టమొదట మార్చేది ఆ కండెన్సరునే. 630 వోల్టుల పాలీప్రొపిలీన్ లేదా పాలిస్టర్ కండెన్సరు 0.022 పెట్టు. తాతగారి కండెన్సరును డబ్బాలో భద్రంగా దాచుకో, సర్క్యూట్‌లో మాత్రం వద్దు.

ఆరో_తీగ
కేక గురించి ఎవరూ మాట్లాడలేదు కనుక నేను చెబుతాను. స్పీకర్ నుంచి 12ఏఎక్స్7 రెండో భాగం కాథోడ్‌కు 22 కిలోఓముల రెసిస్టర్ ద్వారా వెనక్కి ఒక తీగ వెళుతుంది కదా, దాని ఒక కొస విప్పి చూడండి. కేక ఆగిపోతే మీ ఫీడ్‌బ్యాక్ తలకిందులుగా ఉందన్నమాట. వెనక్కి వచ్చిన సంకేతం అసలు సంకేతాన్ని తగ్గించవలసింది పోయి పెంచుతోంది. ఊళ్లో చుట్టించిన ట్రాన్స్‌ఫార్మర్‌కు తీగల రంగుల నియమం ఉండదు కనుక ఇది ఇద్దరిలో ఒకరికి జరిగేదే.

విరుగుడు సులభం. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ (వాల్వు వైపు) తీగలు రెండింటినీ ఒకదాని స్థానంలో మరొకటి మార్చి బిగించండి. అది చేసే ముందు కండెన్సర్లలో నిలిచిన కరెంటును ఖాళీ చేయాలి.

కొత్త_విద్యార్థి
ఖాళీ చేయడమంటే ఎలా? స్క్రూడ్రైవర్ తాకించడం చూశాను.

సీసం_పొగ
స్క్రూడ్రైవర్ వద్దు. నిప్పురవ్వ ఎగిరి కండెన్సర్ కాళ్లు, లోపలి రేకు దెబ్బతింటాయి. 10 కిలోఓములు, 5 వాట్ల రెసిస్టర్‌కు ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులు రెండు బిగించుకుని, ఒకటి ఛాసిస్‌కు, మరొకటి కండెన్సర్ ప్లస్సుకు పెట్టి, మీటరు సున్నాకు దిగేదాకా చూడండి. అది నిమిషం కూడా పట్టదు. శాశ్వతంగా 220 కిలోఓములు, 2 వాట్ల రెసిస్టర్‌ను మొదటి కండెన్సర్ మీద అడ్డంగా కలిపి వదిలేస్తే ఆపిన ప్రతిసారీ అదే ఖాళీ చేస్తుంది. అయినా మీటరుతో చూడనిదే చేయి పెట్టకండి. కొలిచేటప్పుడు నల్ల ప్రోబును ఛాసిస్‌కు క్లిప్పుతో బిగించి, ఎడమచేయి వెనక్కి పెట్టుకుని కుడిచేతితో మాత్రమే పనిచేయండి. మూడు యాంప్లిఫయర్లు కట్టినా నేను ఈ పద్ధతి ఒక్కసారీ తప్పలేదు.

గోదారి_తీగలు
ఎర్త్ బిగించాను. సాకెట్టులో కొలత సరిగానే ఉంది.

కండెన్సర్ మార్చాక ఐదో పిన్ను దగ్గర సున్నా వచ్చింది. ఎనిమిదో పిన్ను 21.2కు దిగింది, మూడో పిన్ను 386కు పెరిగింది. ఎర్రమచ్చ ఇప్పుడు చీకట్లో కూడా కనబడడం లేదు.

ప్రైమరీ తీగలు తారుమారు చేశాక కేక పూర్తిగా ఆగింది! వాల్యూమ్ చివరిదాకా తిప్పినా నిలకడగా ఉంది. ఆరు నెలల తరువాత మొదటిసారి నిజమైన గిటార్ ధ్వని విన్నాను. మా అమ్మ వంటింట్లోంచి వచ్చి కాసేపు నిలబడి విన్నది.

మోత మాత్రం అలాగే ఉంది.

కోటి_గల్లీ
సంతోషం. అయితే 386 దగ్గర 21.2 అన్నా ఇంకా 15 వాట్లు అవుతోంది. చల్లారిందని వదిలేయకండి. నేను చెప్పిన 680 ఇప్పుడు పెట్టండి.

పాత_వాల్వు
కోటి_గల్లీ గారూ, 680తో కరెంటు తగ్గుతుంది, ఒప్పుకుంటాను. కాని వోల్టేజి ఇంకా పెరుగుతుంది. డయోడ్ల అసలు ప్రమాదం స్విచ్చు వేసిన మొదటి పది పదిహేను సెకన్లలో ఉంది. హీటర్లు వేడెక్కక ముందు వాల్వులు కరెంటు లాగవు, డయోడ్లు మాత్రం వెంటనే పూర్తి వోల్టేజి ఇస్తాయి. 300ను 1.414తో గుణిస్తే 424. భారం లేనప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ 300 కాదు, ఇంకా ఎక్కువ ఇస్తుంది. బాబూ, వాల్వులు తీసి కొలిచి చెప్పు, నీ కండెన్సర్ల మీద ఎన్ని వోల్టులని రాసి ఉందో కూడా చూడు.

గోదారి_తీగలు
వాల్వులు తీసేస్తే ఒక్కో వైపు 318 వోల్టుల ఏసీ వచ్చింది. అప్పుడు గోడలో 238 ఉంది. కండెన్సర్లు అన్నీ 450 వోల్టులవే. 22, 10, 10 మైక్రోఫ్యారడ్లు.

పాత_వాల్వు
318ని గుణిస్తే 450. నీ కండెన్సర్లు రోజూ సరిగ్గా హద్దు మీద నిలబడుతున్నాయి. రాత్రి పదింటికి గోడలో 248 వచ్చిననాడు అది 469 అవుతుంది. రెండో మూడో కండెన్సర్ల ముందు రెసిస్టర్లు ఉన్నాయి కదా అనుకోవద్దు. కరెంటు పారనప్పుడు రెసిస్టరు ఒక్క వోల్టునూ తగ్గించదు, అన్నింటి మీదా అదే పడుతుంది.

నేనైతే డయోడ్ల స్థానంలో ఈజెడ్81 రెక్టిఫయర్ వాల్వు పెడతాను. దానికి 6.3 వోల్టుల హీటరే, 5 వోల్టుల వైండింగు అక్కరలేదు. ఒక ఆంపియరు తీసుకుంటుంది. 12ఏఎక్స్7కు 0.3, 6వి6కు 0.45, మొత్తం 1.75. నీ వైండింగు 2 ఆంపియర్లకు చుట్టినదే. దాని కాథోడ్ నెమ్మదిగా వేడెక్కుతుంది కనుక హెచ్‌టీ, అంటే వాల్వులకు వెళ్లే అధిక డీసీ వోల్టేజి, కూడా మెల్లగా లేస్తుంది. బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ వారు 1961లో రేడియో వాల్వుల తయారీ మొదలుపెట్టాక, ఆ తరం వాల్వులు దేశమంతా తిరిగాయి, ఇప్పటికీ పాత రేడియోల నుంచి మంచివి దొరుకుతాయి. మీ తాతగారి రేడియోలో ఏముందో చూడు.

కోటి_గల్లీ
పెద్దవారు, మన్నించండి, ఇక్కడ నేను ఒప్పుకోలేను. 6.3 వోల్టుల తీగ నేలకు దగ్గరగా ఉంటుంది, ఈజెడ్81 కాథోడ్ దాదాపు 380 వోల్టుల మీద ఉంటుంది. మధ్యలో ఉన్నది సన్నని ఇన్సులేషన్ పూత. యాభై ఏళ్ల వాల్వులో అది తెగితే హెచ్‌టీ నేరుగా హీటర్ల తీగ మీదికి వస్తుంది. డయోడ్లే ఉంచి, ప్రతి వైపు రెండేసి పెట్టి, 500 వోల్టుల కండెన్సర్లు వేసుకోవడం మేలు. ఇప్పుడున్నట్లు ఒక్కొక్కటే అయితే తిరగబడిన వోల్టేజి 900 దాటుతోంది, 1ఎన్4007 హద్దు 1,000 మాత్రమే.

పాత_వాల్వు
మీ భయం న్యాయమైనదే. తయారీదారులు ఆ పూతకు 500 వోల్టుల దాకా హామీ ఇచ్చారు, దానితోనే లక్షల రేడియోలు నడిచాయి. అయినా ట్రాన్స్‌ఫార్మర్ హెచ్‌టీ మధ్య తీగలో 125 మిల్లీఆంపియర్ల ఫ్యూజు ఒకటి పెడితే, మీరన్నది జరిగిన క్షణంలోనే అది తెగుతుంది. డయోడ్లతో పోయినా ఆ ఫ్యూజు ఉండవలసిందే. మీ పద్ధతి తప్పని నేను అనను.

ఎడిసన్_తెలుగు
నేను న్యూజెర్సీలో ఇదే సర్క్యూట్ కిట్‌గా కొని కట్టాను. మూడేళ్ల కిందట గుంటూరు తీసుకువచ్చి, 230ని 120గా తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ మీద నడిపాను. వోల్టేజి సరిపోయింది కదా అనుకున్నాను, కాని అరగంటలో పవర్ ట్రాన్స్‌ఫార్మర్ చేయి పెట్టలేనంత వేడెక్కింది. అమెరికాలో 60 హెర్ట్జ్, ఇక్కడ 50. పౌనఃపున్యం ఆ మేరకు తగ్గితే ఇనుములో అయస్కాంత ప్రవాహం ఐదో వంతు పెరుగుతుంది. 60కి సరిపడా మాత్రమే ఇనుము పెట్టిన ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని మోయలేదు. విదేశం నుంచి తెప్పించుకునేవారు 240 వోల్టుల టాప్ ఉందో లేదో చూసి ఊరుకోకుండా, 50 హెర్ట్జ్ అని స్పష్టంగా రాసి ఉన్నదే కొనాలి. ఆ విషయంలో గోదారి_తీగలు గారు ఊళ్లో చుట్టించుకోవడమే తెలివైన పని.

ఆరో_తీగ
మోత దగ్గరికి వద్దాం. అది 50 హెర్ట్జా, 100 హెర్ట్జా అన్నది తెలిస్తే సగం దారి దొరికినట్లే. మీ చేతిలో గిటార్ ఉంది కనుక వేరే పరికరం అక్కరలేదు. ఆరో తీగ మూడో మెట్టు మీద మీటితే 98 హెర్ట్జ్ వస్తుంది. మోత ఆ స్వరానికి దాదాపు కలిస్తే 100, అంటే రెక్టిఫయర్ తరువాత కండెన్సర్లు మింగలేకపోయిన అల. దానికంటే ఒక స్థాయి కింద, బొంగురుగా ఉంటే 50, అంటే హీటర్ల నుంచో, ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రం నుంచో వస్తోంది.

తరువాత ఆపివేసి, 12ఏఎక్స్7 తీసి, మళ్లీ వేసి వినండి.

బెజవాడ_బ్లూస్
మోతతో పాటు మాటలు వినబడితే ఏమి చేయాలో నా అనుభవం చెబుతాను. నా యాంప్లిఫయర్‌లో కొన్నాళ్లు విజయవాడ ఆకాశవాణి, 837 కిలోహెర్ట్జ్, ప్రాంతీయ వార్తలతో సహా సన్నగా వినబడేది. ఇన్‌పుట్ దగ్గరి 68 కిలోఓముల రెసిస్టర్‌ను జాక్ దగ్గర పెట్టి, అక్కడి నుంచి వాల్వుకు జానెడు తీగ లాగాను. ఆ తీగే ఏరియల్ అయింది, గ్రిడ్డే డిటెక్టర్ అయింది. రెసిస్టర్‌ను వాల్వు పిన్నుకే అంటించి సోల్డర్ చేశాక స్టేషను మాయమయింది.

గోదారి_తీగలు
నాకు స్టేషన్లు రావడం లేదు. మోత మూడో మెట్టు స్వరానికి బాగా దగ్గరగా ఉంది. 12ఏఎక్స్7 తీసినా తగ్గలేదు.

ఆరో_తీగ
అయితే 100 హెర్ట్జ్, అదీ 6వి6 దగ్గరే. చాంప్ సర్క్యూట్‌లో అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ మొదటి కండెన్సర్‌కే కలుస్తుంది. అవుట్‌పుట్ వాల్వు ఒక్కటే కనుక, రెండు అవుట్‌పుట్ వాల్వుల యాంప్లిఫయర్లలో లాగా మోత తనను తాను కొట్టివేసుకోదు. 50 మిల్లీఆంపియర్లు లాగుతుంటే 22 మైక్రోఫ్యారడ్ల మీద 20 వోల్టులకు మించి అల ఉంటుంది. అందులో కొంత స్పీకర్‌కు చేరుతుంది.

పాత_వాల్వు
ఒక్క దెబ్బకు రెండు పనులు అవుతాయి. మొదటి కండెన్సరు తరువాత 680 ఓములు, 10 వాట్ల తెల్ల సిమెంటు రెసిస్టరు పెట్టి, దాని అవతల 47 మైక్రోఫ్యారడ్ల కండెన్సరు ఇంకొకటి కలుపు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌ను ఈ కొత్త కండెన్సరు నుంచి తీసుకో. 100 హెర్ట్జ్ దగ్గర 47 మైక్రోఫ్యారడ్ల అడ్డు 34 ఓములే కనుక అల ఇరవయ్యో వంతుకు పడిపోతుంది. పైగా ముప్పై వోల్టులు దిగి 6వి6 ఊపిరి పీల్చుకుంటుంది. 680ని కాథోడ్ దగ్గర పెట్టమన్నారు కోటి_గల్లీ గారు, నేను అదే రెసిస్టరును హెచ్‌టీలో పెట్టమంటున్నాను.

కోటి_గల్లీ
ఇది నా పద్ధతికంటే మేలైనదని ఒప్పుకుంటున్నాను. మోత సంగతి నేను ఆలోచించలేదు.

గోదారి_తీగలు
వారం రోజుల పని పూర్తయింది. తాతగారి రేడియోలో ఈజెడ్81 ఉంది! నాన్నగారే స్వయంగా తీసి ఇచ్చారు. దానికి కొత్త సాకెట్టు, హెచ్‌టీ ఫ్యూజు, 680 ఓములు, 47 మైక్రోఫ్యారడ్లు, అన్నీ బిగించాను. మొదటిసారి వేసేటప్పుడు 60 వాట్ల తంతు బల్బును సిరీస్‌లో పెట్టి వేశాను. ఒక్క క్షణం వెలిగి మందగించింది.

వాల్యూమ్ సున్నా దగ్గర ఇప్పుడు స్పీకర్‌కు చెవి ఆనిస్తే తప్ప మోత లేదు. అయితే వాల్యూమ్ 7 దాటాక వేరే మోత, బొంగురుగా వస్తోంది. ఇంకొకటి, ధ్వని పల్చగా ఉంది. ఆరో తీగ మీటినా అట్టముక్క మీద కొట్టినట్లు ఉంది.

సీసం_పొగ
బొంగురుది 50 హెర్ట్జ్, హీటర్లది. మీ 6.3 వోల్టుల వైండింగుకు మధ్య తీగ లేదు, బహుశా ఒక కొసను ఛాసిస్‌కు కలిపి ఉంటారు. దాన్ని విప్పి, రెండు కొసల నుంచి చెరో 100 ఓముల రెసిస్టర్ తెచ్చి, కలిసిన చోటును నేలకు కాకుండా 6వి6 ఎనిమిదో పిన్నుకు కలపండి. అక్కడ ఉన్న 19 వోల్టుల వల్ల హీటర్లు 12ఏఎక్స్7 కాథోడ్‌కంటే ఎత్తులో ఉంటాయి, హీటర్ నుంచి కాథోడ్‌కు ఎగిరే ఎలక్ట్రాన్లు ఆగిపోతాయి. హీటర్ల తీగలు రెండింటినీ జడలా గట్టిగా మెలిపెట్టి, గ్రిడ్డు తీగలకు దూరంగా, ఛాసిస్ మూలకు ఒదిగేలా నడపండి. ఎండిన వెదురుపుల్లతో ఒక్కొక్క తీగను కదిలిస్తూ వింటే ఏది మోత తెస్తోందో చెవికే తెలుస్తుంది.

పాత_వాల్వు
పల్చని ధ్వనికి నా అనుమానం అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉంది. మోటార్లు చుట్టేవారికి పవర్ ట్రాన్స్‌ఫార్మర్ పద్ధతే అలవాటు. ఇంగ్లీషు E అక్షరం ఆకారపు స్టాంపింగులను, అంటే ఇనుప రేకులను, ఒకటి ఇటు, ఒకటి అటు తిప్పి దూరుస్తారు. నీ సర్క్యూట్‌లో 40 మిల్లీఆంపియర్ల డీసీ ఎప్పుడూ ఒకే దిక్కున పారుతుంది. గాలి సందు లేని ఇనుము ఆ డీసీతోనే నిండిపోతుంది, మంద్రస్వరాలకు చోటు మిగలదు. స్టాంపింగులు ఊడదీయించి, E రేకులన్నీ ఒక వైపు, I రేకులన్నీ మరొక వైపు పేర్చి, మధ్యలో పల్చని కాగితం పెట్టి బిగించమను. తీగ మళ్లీ చుట్టనక్కరలేదు.

చుట్ల నిష్పత్తి కూడా చూడు. ప్రైమరీకి 12 వోల్టుల ఏసీ ఇచ్చి సెకండరీ దగ్గర కొలువు. ఎట్టి పరిస్థితిలోనూ తిరగేసి సెకండరీకి ఇవ్వవద్దు, అవతల వందల వోల్టులు వస్తాయి.

గోదారి_తీగలు
0.46 వోల్టులు వచ్చింది.

ఆరో_తీగ
అంటే 26కు 1. వర్గం చేసి స్పీకర్ 8 ఓములతో గుణిస్తే వాల్వు మీద పడే భారం సుమారు 5,400 ఓములు. 6వి6 ఒక్కటే ఉన్నప్పుడు 250 వోల్టుల దగ్గర 5,000, 315 దగ్గర 8,500 అని పాత పుస్తకాలు చెబుతాయి. మీది కొంచెం తక్కువైనా బాగానే నడుస్తుంది. చుట్టినాయన లెక్క తప్పలేదు, పేర్చడమే తెలియలేదు.

ఎడిసన్_తెలుగు
స్టాంపింగులకు పంపించినప్పుడు యాంప్లిఫయర్‌ను స్పీకర్ లేకుండా వేసి చూడవద్దు. భారం లేని ప్రైమరీలో వోల్టేజి వేలల్లోకి ఎగిరి ఇన్సులేషన్ చీలుతుంది.

ఆరో_తీగ
ఈ మధ్య నాకు ఒక విషయం తరచూ గుర్తుకు వస్తోంది. లియో ఫెండర్ కూడా 1938లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియో మరమ్మతు దుకాణం పెట్టినవారే, గిటార్లూ యాంప్లిఫయర్లూ ఆ తరువాతే వచ్చాయి. తెనాలి దుకాణంలోని అనుభవం ఈ సర్క్యూట్‌కు ఇంత సూటిగా అమరడం నాకు చాలా ఆనందంగా ఉంది.

గోదారి_తీగలు
స్టాంపింగులు పేర్పించి తెచ్చాను. చుట్టినాయన కాగితం ఎందుకని అడిగి, కారణం చెబితే తన నోటుపుస్తకంలో రాసుకున్నారు. హీటర్లకు 100 ఓముల రెసిస్టర్లు పెట్టి 6వి6 కాథోడ్‌కు కలిపాను. బొంగురు మోత పోయింది. ఆరో తీగ మీటితే బల్ల మీది గ్లాసు కదులుతోంది.

కొత్త_విద్యార్థి
ఫీడ్‌బ్యాక్ తీగ పూర్తిగా విప్పేస్తే ధ్వని ఇంకా పెద్దదవుతుందని విన్నాను. విప్పవచ్చా?

సీసం_పొగ
విప్పితే ప్రమాదమేమీ లేదు. ధ్వని పెరిగి ముందుగానే గరుకెక్కుతుంది. చాలామంది ఆ తీగకు స్విచ్చు పెట్టుకుంటారు. నాకు మాత్రం ఫీడ్‌బ్యాక్ ఉన్నప్పటి శుభ్రమైన మీటు ఇష్టం, వీణలో గమకం చివర నిలిచే నాదం లాగా అది సన్నగా తేలి ఆగుతుంది.

పాత_వాల్వు
బాబూ, ఇప్పుడు అన్ని పిన్నుల దగ్గరా వోల్టులు కొలిచి, తేదీ వేసి, కాగితం మీద రాసి ఛాసిస్ లోపలి మూతకు అంటించు. పదేళ్ల తరువాత ఇది మొరాయించిన రోజున నీకో, నీ తరువాత విప్పేవారికో మొదట కావలసినది ఆ కాగితమే. ఇక్కడ కూడా రాయి.

గోదారి_తీగలు
రాసి అంటించాను, బాబాయి గారూ. గోడలో 236 ఉన్నప్పుడు మొదటి కండెన్సర్ 376, రెండోది 348. 6వి6 ప్లేటు 337, స్క్రీను 303, కాథోడ్ 18.7, గ్రిడ్డు సున్నా. 12ఏఎక్స్7 ప్లేట్లు 171, 175, కాథోడ్లు రెండూ 1.4. హీటర్లు 6.2. ప్లేటు దగ్గర 11.8 వాట్లు అవుతున్నాయి. ఫెండర్ పటంలో 340, 305 అని రాసి ఉన్నచోట నాకు 348, 303 వచ్చాయి.